జర్మనీ తుపాకి కొనబోయేవారికి మండికల్ నుంచి ఉచిత సలహాలు

మా మండికల్ చుట్టుపక్కల పాత సామాన్ల పిచ్చి ఒక్కో కాలంలో ఒక్కో వేషం కడుతుంది. కొన్నాళ్ళు బియ్యపు గింజల్ని లాక్కునే రాగి చెంబు, రైస్ పుల్లర్ అనేవాళ్ళు. కొన్నాళ్ళు రెండు తలల పాము. ఇంకొన్నాళ్ళు పాత టీవీ పెట్టెలో ఎర్ర పాదరసం. అవన్నీ పాతబడ్డాయి. ఇప్పుడు పేరేసంద్ర క్రాసులో టీ తాగుతూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి, ‘జర్మనీ తుపాకి’ అనే మాట చెవిన పడుతుంది. చెంబు బియ్యాన్ని లాగకపోతే గుట్టు బయటపడుతుంది, పాముకు రెండో తల లేకపోతే బయటపడుతుంది. తుపాకికి ఆ చిక్కు లేదు. అది జర్మనీదో కాదో తేల్చి చెప్పగలవాళ్ళు చిక్కబళ్ళాపురం జిల్లా మొత్తం మీద ఎంతమంది ఉంటారు?

నేనున్నాను. నా అర్హత ఏమిటని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. నా సలహా మీద కొన్నవాళ్ళెవరూ సరుకు వాపసు తేలేదు. తెచ్చినవాళ్ళకు నేను దొరకలేదు.

ఒక్క చిక్కుంది. మా వీధిలో ఒక సుబేదారు ఉన్నాడు, బెంగళూరులో మద్రాసు సాపర్లలో నౌకరీ చేసి రిటైరై వచ్చి టమోటా పెట్టుకున్నాడు. వరసకు మామ. నేను నోరు తెరిస్తే అడ్డం పడటం తప్ప ఆయనకు వేరే పొద్దుపోదు. ఆయన మాటలు కూడా ఇందులో అక్కడక్కడ రాశాను. దేన్ని నమ్మకూడదో కూడా కొనేవాడికి తెలియాలి గదా.

మొదట కిరీటం వెతకండి. ఇనుము మీద ఏ మూలనైనా కిరీటం ముద్ర ఉంటే అది కైజరుదే, ఇంక రెండో ఆలోచన పెట్టుకోకండి. మన వైపు దొరికే సరుకులో కిరీటం కింద జి.ఆర్.ఐ. అని మూడక్షరాలు కూడా ఉంటాయి. జర్మన్ రైఫిల్ ఇంపోర్టెడ్ అని దానర్థం. ఆ కింద ఇషాపూర్ అని, 1942 అని ఉంటుంది. ఇషాపూర్ జర్మనీలో ఎక్కడో పేరున్న ఊరే అయి ఉండాలి.

దీనికి సుబేదారు మామ తల పట్టుకున్నాడు. “అది జార్జ్ రెక్స్ ఇంపరేటర్ రా అబ్బీ, జార్జి చక్రవర్తి అని. ఇషాపూర్ ఉండేది కలకత్తా పక్కన. మన పోలీసోళ్ళు ఏండ్లకేండ్లు భుజాన ఏసుకోని తిరిగిన .303 ఇది. కింద మ్యాగజీను పొట్ట బయటికి పొడుచుకోని వచ్చిండాది చూడు, పది గుండ్లు పట్టేది. జర్మనీ మౌజరుకు ఐదే గుండ్లు, చెక్క లోపలే దాక్కోనుంటాయి, కింద చదునుగా ఉంటాది” అన్నాడు. పది పెద్దదా ఐదు పెద్దదా? పది గుండ్ల తుపాకిని కాదని ఐదు గుండ్లది అడిగేవాడికి లెక్కలు రావని అర్థం.

ఆయన చెప్పే అసలు కిరీటం ఇంకో రకం. 1898 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం తీసుకున్న గెవేర్ 98 అనే రైఫిల్ ఉందట. గుండు కూర్చునే చోట గొట్టం మొదట్లో ఉండే ఇనుప కట్టు మీద కిరీటం, దాని కింద ఫ్యాక్టరీ పేరు, ఆ కింద సంవత్సరం కొట్టి ఉంటాయట. ఒబెర్న్‌డార్ఫ్‌లో మౌజరు కంపెనీ, బెర్లిన్‌లో డి.డబ్ల్యు.ఎం., సర్కారు వారివైతే స్పాండౌ, డాన్‌జిగ్, ఎర్‌ఫర్ట్, ఆంబెర్గ్. ఎడమ పక్కన రైఫిల్ పేరు మెలికలు తిరిగిన పాతకాలపు జర్మన్ అక్షరాల్లో ఉంటుందట. నా సలహా వినండి. చదవడానికి రాని అక్షరాలున్న సరుకు జోలికి పోవద్దు. డాన్‌జిగ్ అని ఉంటే అస్సలు వద్దు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది, పేరు కూడా గ్దాన్‌స్క్ అని మారింది. పోలండు తుపాకికి జర్మనీ ధర ఎవరిస్తారు?

రెండో ప్రపంచ యుద్ధం నాటి సరుకైతే గుర్తుపట్టడం ఇంకా తేలిక, అంకె చూస్తే చాలు. ఎస్/42 అని ఉంటే 1942లో తయారైంది. పక్కనే 1937 అని కూడా ఉంటే కంగారు పడొద్దు, అది ఫ్యాక్టరీ పిన్‌కోడు. సుబేదారు మామ దీన్ని తిరగేసి చెబుతాడు. ఎస్/42 అనేది ఒబెర్న్‌డార్ఫ్ మౌజరు ఫ్యాక్టరీకి పెట్టిన గుప్త సంకేతమట, 1937 తయారైన సంవత్సరమట. ఎవరు ఎన్ని తుపాకులు చేస్తున్నారో పరాయివాళ్ళకు తెలియకూడదని అలా దాచేవాళ్ళట. తర్వాత ఆ సంకేతాలు కూడా మార్చి చిన్న అక్షరాలు పెట్టారట. బి-వై-ఎఫ్ అంటే మళ్ళీ అదే ఒబెర్న్‌డార్ఫ్, బి-ఎన్-జడ్ అంటే ఆస్ట్రియాలోని స్టైయర్, డి-ఓ-టి అంటే చెకోస్లొవేకియాలోని బ్రనో. ఇందులో మూడోది చూసి నేను మోసపోలేదు. డాట్ అంటే టెలికాం శాఖ అని ఈ దేశంలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాచ్‌మన్‌ తుపాకిని ఎవరో కొట్టుకొచ్చి అమ్ముతున్నారన్నమాట. అలాంటిది తగిలితే బేరం ఆపి వెంటనే బయటపడండి.

నెంబర్ల విషయంలో జనం భయపడినంత అక్కర్లేదు. తుపాకి నెంబరు మూడంకెల్లోనో నాలుగంకెల్లోనో ఉంటే ఎగిరి గంతేయండి. నెంబరు 312 అంటే జర్మనీ దేశం మొత్తం మీద మూడువందల పన్నెండో తుపాకి మీ చేతిలో ఉందని అర్థం. ప్రతి ఫ్యాక్టరీలోనూ ఏటా జనవరి రాగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్ళనీ, పదివేలు నిండాక పక్కన ఎ, బి, సి అని అక్షరం తగిలించి మళ్ళీ ఒకటి నుంచి కొట్టేవాళ్ళనీ, అందువల్ల 312 నెంబరు తుపాకులు లెక్కలేనన్ని ఉంటాయనీ మామ వాదన. కార్ 98కె అనే రెండో యుద్ధపు రైఫిలే కోటికి పైగా చేశారట. కోటి మందిలో మీకొక్కరికే 312 రావడం అదృష్టం కాదా?

ఇంకోటి. పెద్ద భాగాల మీద పూర్తి నెంబరు, చిన్న మరల మీద, స్క్రూల మీద కూడా ఆఖరి రెండంకెలు ఉంటాయి. అన్ని భాగాల మీదా ఒకే నెంబరు ఉంటే అనుమానించండి, ఎవడో పనిగట్టుకుని కూర్చుని కొట్టి ఉంటాడు. బోల్టు మీద ఒకటి, గొట్టం మీద ఒకటి, మడమ దగ్గర ఇనుప రేకు మీద ఒకటి ఉంటే అది మేలురకం. ఒకే తుపాకిలో మూడు తుపాకులు మీ ఇంటికొస్తున్నాయి. అమ్మేటప్పుడు కూడా మూడింటి ధర చెప్పొచ్చు. యుద్ధం ముగిశాక రష్యావాళ్ళు పట్టుకున్న జర్మన్ రైఫిళ్ళను వర్క్‌షాపుల్లో విప్పి, భాగాలన్నీ రాశులు పోసి, ఏది చేతికొస్తే అది బిగించి, పాత నెంబరు పక్కన కొత్త నెంబరు గీసి గోదాముల్లో పెట్టారు. సేకరించేవాళ్ళు వాటిని తక్కువ ధరకే అడుగుతారు, నెంబర్లన్నీ కలిసినదానికి ఎన్నో రెట్లు పెడతారు. విదేశాల వాళ్ళ బుద్ధి అలాంటిది. మనం వాళ్ళను చూసి పాడైపోకూడదు.

ఈ విద్యలో అసలైన లోతు ముద్రల్లో ఉంది. కొంచెం నిదానంగా చదవండి.

గద్ద ముద్ర ఉంటే ఏమనుకోవాలి? రెక్కలు చాచిన గద్ద, దాని కింద ఒక అంకె. మైసూరు రాజ్యంలో పుట్టిపెరిగిన మనకు ఆ మాత్రం తెలీదా? గండభేరుండం. మహారాజుల ముద్ర. తల ఒకటే ఉందేమిటి అంటారా, రెండోది అరిగిపోయింది. కాబట్టి గద్ద కనిపిస్తే అది జర్మనీది కాదు, మైసూరు అరమనె సరుకు, ధర అయిదింతలు. అది జర్మన్ ఆయుధ శాఖ తనిఖీదారు ముద్ర అనీ, కింద ఉన్న అంకెను బట్టి ఏ ఫ్యాక్టరీలో తనిఖీ జరిగిందో చెప్పొచ్చనీ సుబేదారు మామ అంటాడు. గద్ద కాళ్ళ కింద స్వస్తిక్ కూడా ఉంటే? దసరాకు ఆయుధ పూజ చేసిన తుపాకి అన్నమాట. కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది, పూజారి చేయి వణికి ఉంటుంది. హిట్లరు పార్టీ గుర్తు అది. యుద్ధం తర్వాత ఆ తుపాకులు అందుకున్న దేశాల్లో కొన్నిచోట్ల దాన్ని ఉలితో చెక్కేశారు, కొన్నిచోట్ల వాళ్ళ ముద్ర దాని పక్కనే కొట్టుకున్నారు. చెక్కేసిన మచ్చ కనిపిస్తే దుకాణదారుతో గొడవ పెట్టుకోండి, పూజ చేసిన సరుకును పాడుచేశారని.

ఆరు మూలల నక్షత్రం ఉంటే కళ్ళకద్దుకోండి. షట్కోణం, సుబ్రహ్మణ్యస్వామి యంత్రం. ఘాటి గుడి నుంచి వచ్చి ఉంటుంది. ఈ మాట నేను ఒక కొనుగోలుదారుతో అంటుండగా సుబేదారు మామ అటుగా వచ్చాడు. రైఫిలును చేతిలోకి తీసుకోకుండానే చూసి, “ఇట్లాంటివి ఇజ్రాయిలోళ్ళవి” అన్నాడు. కొత్తగా దేశం కట్టుకున్న యూదులకు తుపాకులు కావలసివచ్చి, చెకోస్లొవేకియా దగ్గరా ఇంకా దొరికిన చోటల్లా జర్మన్ రైఫిళ్ళు కొన్నారట. తమవాళ్ళను లక్షల మందిని చంపినవాళ్ళ ముద్ర ఉన్న ఇనుము మీదే తమ నక్షత్రం కొట్టుకుని, దాంతోనే తమ ఊళ్ళను కాపాడుకున్నారట. తర్వాత గొట్టాలు మార్చి 7.62 గుండుకు సరిపెట్టుకున్నారట. చెబుతూ ఆయన కాస్త ఆగాడు. ఆ కొనుగోలుదారు కూడా ఆగిపోయాడు. ఆ రోజు నాకు బేరం పోయింది. చరిత్ర తెలిసినవాణ్ణి వ్యాపారం జరిగే చోట కూర్చోనివ్వకూడదు. ఈ వ్యాసం మొత్తంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

నెలవంక, మెలిక అక్షరాలు ఉంటే అది టిప్పు సుల్తాను తుపాకి. మనకు నంది దుర్గం కనుచూపు మేరలో ఉంది, దేవనహళ్ళి పుట్టిన ఊరు పక్కనే ఉంది, సాక్ష్యం ఇంకేం కావాలి? ఆ అక్షరాలు అరబ్బీ లిపిలో రాసిన టర్కీ భాష అనీ, ఒటోమన్ సుల్తాను 1890లలో మౌజరు కంపెనీకి లక్షల రైఫిళ్ళు ఆర్డరు ఇచ్చాడనీ, అవే ఇవనీ మామ చెబుతాడు. టిప్పు పోయింది 1799లో, పాల్ మౌజరు పుట్టింది 1838లో అని కూడా అంటాడు. తుపాకి ముందు పుట్టకూడదనీ, కంపెనీ తర్వాత పుట్టకూడదనీ ఎక్కడా రాసిలేదు.

రూపం సంగతి. బోల్టు పిడి తిన్నగా పక్కకు పొడుచుకుని ఉంటే గెవేర్ 98, కిందికి వంగి ఉంటే కార్ 98కె అని పుస్తకాలు రాస్తాయి. మొదటిది 125 సెంటీమీటర్ల పొడవు, 1935లో వచ్చిన రెండోది 111. పొడవు తగ్గింది కాబట్టి పిడి పక్కకు పొడుచుకుంటే అడ్డం వస్తుందని వంచారట. నేనైతే వంగిన పిడి కనిపిస్తే ఎవడో కిందపడేశాడని గ్రహించి మన కమ్మరి దగ్గర తిన్నగా కొట్టిస్తాను. చెక్క పొరలు పొరలుగా అతికించినట్టుంటే కూడా కొనకండి, ప్లైవుడ్డు నకిలీ అది. జర్మన్లే 1930ల చివర్లో అక్రోటు చెక్క కరువై బీచ్ చెక్క పలకలు జిగురుతో అతికించి మడమలు చేశారని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

గొట్టం మీద గురి చూసే మెట్టు మీద అంకెలుంటాయి, 20 దాకా పోతాయి. ఎన్ని అడుగుల దూరం కొడుతుందో అది చెబుతుంది. ఇరవై అడుగులు, అంటే పంటలో పడ్డ అడవిపందికి సరిపోతుంది. సుబేదారు మామ ప్రకారం ప్రతి అంకెనూ నూరుతో గుణించి మీటర్లలో చదవాలి. అంటే 20 అన్నది రెండు కిలోమీటర్లు. పాత గెవేర్ 98లో గురిమెట్టు 400 మీటర్ల నుంచే మొదలయ్యేది. అంతకంటే దగ్గర శత్రువుంటే వాడి మోకాళ్ళకు గురి పెట్టమని సిపాయిలకు నేర్పాల్సి వచ్చేదట. కందకాల్లో వంద గజాల దూరంలో కూర్చుని చేసిన యుద్ధానికి ఇంత తెలివైన మెట్టు పెట్టినవాళ్ళు మన సలహాలకు తగినవాళ్ళే.

మడమ కుడిపక్క చెక్కలో రూపాయి బిళ్ళంత గుండ్రటి లోహపు బిళ్ళ పొదిగి ఉంటే ఊడబెరికి పిల్లలకివ్వండి. దాని మీద ఏవో అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఏ రెజిమెంటు, ఎన్నో కంపెనీ, ఎన్నో తుపాకి అన్నది అందులోనే ఉంటుందట. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఆ బిళ్ళ ఆపేసి, బోల్టు విప్పుకోవడానికి పనికొచ్చే చిల్లు బిళ్ళలు పెట్టారట. వాడిన రెజిమెంటు ఏదో చెప్పే ఆ బిళ్ళ కోసం సేకరించేవాళ్ళు మంచి విలువ కడతారు. పిల్లలు బచ్చాలాటలో వాడుకుంటే ఇంకా విలువ.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది కథ. కథ లేని తుపాకిని గుజరి అంగడివాడు కేజీ లెక్కన కూడా అడగడు.

మన ప్రాంతానికి బాగా పనికొచ్చే కథ హైఫా. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణాన్ని జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు గుర్రాల మీద, ఈటెలతో, కత్తులతో పోయి పట్టుకున్నారు. ఎదురుగా కార్మెల్ కొండ మీద ఫిరంగులు, మెషీన్‌గన్‌లు. మైసూరు లాన్సర్లు కొండ వాలున ఫిరంగుల మీదికి పోయారు, జోధ్‌పూర్ వాళ్ళు ఊళ్ళోకి దూసుకెళ్ళారు. పదమూడు వందల మందికి పైగా ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మెషీన్‌గన్‌లు దొరికాయి. ఖైదీల్లో జర్మన్ ఆఫీసర్లు ఇద్దరే, మిగిలినవాళ్ళలో ఎక్కువమంది టర్కీ సైన్యం. అదే బ్రిగేడులో హైదరాబాదు లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల లాన్సర్లవే. మండికల్ అప్పుడు మైసూరు రాజ్యమే, కోలారు జిల్లా. ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? ‘మా తాత హైఫాలో పట్టుకొచ్చాడు’ అనండి, అంతే. మీ తాత 1921లో పుట్టి ఉంటే తాత తండ్రి అనండి. గుర్రం మీద ఈటె పట్టుకుని పోయినవాడు వచ్చేటప్పుడు శత్రువు రైఫిలు ఇంటికి తెచ్చుకుంటే ఆఫీసర్లు ఊరుకుంటారా, పట్టుకున్న ఆయుధం సర్కారు ఆస్తి గదా అని సుబేదారు మామ అడుగుతాడు. పరుపులో చుట్టి తెచ్చాడని చెప్పండి.

తూర్పు ఆఫ్రికా కథ జోలికి పోకండి, అది తిరగబడుతుంది. 1914 నవంబరులో టాంగా అనే రేవులో బ్రిటిష్‌వారు దింపిన భారతీయ సైన్యంలో మద్రాసు వైపు నుంచి పోయిన 61వ పయనీర్లు కూడా ఉన్నారు. అవతల జర్మన్ల కింద పనిచేసే ఆఫ్రికన్ సిపాయిలు. వాళ్ళలో చాలామంది చేతుల్లో 1871 నమూనా పాత మౌజర్లు, ఒక్కో గుండు పెట్టి కాల్చేవి, నల్ల తుపాకిమందుతో పొగ చిమ్మేవి. అయినా ఓడింది మనవాళ్ళే. ఓడల్లోకి ఎక్కి వస్తూ తమ కొత్త రైఫిళ్ళూ, మెషీన్‌గన్‌లూ, లక్షల గుండ్లూ అక్కడే వదిలేశారు, జర్మన్లు వాటితోనే చాలాకాలం యుద్ధం నడిపారు. తుపాకులు ఇటు రాలేదు, అటు పోయాయి. కొనేవాడికి ఇది తెలిస్తే మనకు నష్టం.

ఎమ్డెన్ కథ బాగా నడుస్తుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించి వెళ్ళింది. హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ దాని గుర్తుగా ఫలకం ఉంది. ఆ ఓడ నుంచి ఎవరూ మద్రాసు గట్టు మీద కాలు పెట్టలేదు గదా, మరి తుపాకి ఎలా వచ్చింది అంటారా? విసిరారు.

విదురాశ్వత్థం పేరు మాత్రం నేనొకసారి వాడి మానేశాను. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా పట్టుకున్న జనం మీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు పేలిన తుపాకి ఇదేనని గౌరీబిదనూరు ఆసామి ఒకాయనకు చూపించాను. ఆయన ధర అడగలేదు, రైఫిలు ముట్టుకోలేదు, లేచి వెళ్ళిపోయాడు. కొన్ని ఊళ్ళలో గిరాకీ ఎందుకు ఉండదో చెప్పలేం.

మౌజరు అనే పేరు వినగానే పిస్తోలు కథలు కలిపేయొచ్చు, తప్పులేదు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకులోంచి విప్లవకారులు 50 మౌజరు పిస్తోళ్ళు, 46 వేల గుండ్లు దారి మళ్ళించారు. అవి పిస్తోళ్ళు, మీ దగ్గరున్నది రైఫిలు అని ఎవరైనా పట్టుకుంటే, ఇది పిస్తోలే, పెరిగింది అనండి. ఆ యాభైకీ నెంబర్లు కంపెనీ పుస్తకంలో ఉండబట్టి పోలీసులు ఏళ్ళ తరబడి దొరికినవాటిని ఒక్కొక్కటే గుర్తుపట్టారు. అందుకని నెంబరు ఆకురాయితో అరగదీయమని నేను సలహా ఇస్తుంటాను. అది ఆయుధాల చట్టం సెక్షను 8 కింద నేరమనీ, పైగా సేకరించేవాడికి ఆ రైఫిలు ఇక ఇనుప కడ్డీ కిందే లెక్కనీ సుబేదారు మామ అంటాడు. నేరమూ నష్టమూ రెండూ ఒకే పనిలో అవుతున్నాయి, శ్రమ కలిసొచ్చింది.

కొన్నాక శుభ్రం చేయడం. పాత నలుపు పోయి ఇనుము తళతళలాడేదాకా ఎమరీ పేపరుతో రుద్దండి. చింతపండు కూడా మంచిదే. ముద్రలు కాస్త అరిగిపోతాయి, ఎటూ మనం వాటిని సరిగ్గా చదవడం లేదు. చెక్కకు మూడు పూతలు వార్నిషు. నూరేళ్ళ చేతి మరకలు, గీతలు, తనిఖీదారు కొట్టిన చిన్న కిరీటాలు అన్నీ ఆ దెబ్బకు మాయం కావాలి. అవిసె నూనె పలచగా రాసి మెత్తటి గుడ్డతో తుడిచి వదిలెయ్యాలి, అంతకు మించి చెయ్యి పెట్టకూడదు అనేవాళ్ళు బద్ధకస్తులు. ఆయుధ పూజకు పసుపు నీళ్ళు గొట్టంలోకి పొయ్యండి. నిమ్మకాయ గొట్టం చివర గుచ్చండి.

గుండ్ల విషయంలో ఒక్కమాట చెప్పి దాటిపోతాను, ఎందుకంటే ఇక్కడ నా సలహా విన్నవాళ్ళు మళ్ళీ సలహా అడగడానికి రారు. 1888 నమూనా జర్మన్ రైఫిలు గొట్టానికి మొదట పెట్టిన గుండు .318 అంగుళాలది. 1905 ప్రాంతంలో కొత్త గుండు వచ్చింది, .323 అంగుళాలు, మొన తేలినది, ఒత్తిడి ఎక్కువ. కొత్త గుండుకు సరిచేసిన పాత రైఫిళ్ళ మీద ‘ఎస్’ అని ముద్ర వేశారు. గుండు రెండు రకాలైనా తూటా డొక్కు మాత్రం ఒకటే. కాబట్టి లోపల చక్కగా పడుతుంది. పడితే చాలు కాల్చొచ్చు. మన దేశంలో దొరికే .315 కూడా ఎనిమిది మిల్లీమీటర్లే కదా, అది కూడా ప్రయత్నించండి. సైన్యం వాడే .303 సామాన్యుల చేతికి పోకూడదని తెల్లదొరల కాలంలో పెట్టుకున్న ఈ .315 కొలతకూ, మౌజరు గుండుకూ డొక్కు ఆకారం వేరే అని మామ చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు నా రెండు చేతులకూ పదివేళ్ళు ఉన్నాయో లేవో లెక్కపెట్టి చూశాడు.

చివరగా చట్టం. దీనికి జనం అనవసరంగా జంకుతారు. లైసెన్సు అడిగితే 2007లో కోలారు నుంచి జిల్లా విడిపోయినప్పుడు కాగితాలు అక్కడే ఉండిపోయాయని చెప్పండి. కొడగువాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు గదా, మనదీ కర్ణాటకే గదా అని ఎదురు ప్రశ్న వేయండి. ఆ మినహాయింపు కొడవలకూ, జమ్మా భూమి ఉన్నవాళ్ళకూ మాత్రమే, అదీ 2029 అక్టోబరు 31 దాకా అని ఎవరైనా అంటే వాళ్ళు మన జిల్లాకు ద్రోహం చేస్తున్నారు. లైసెన్సు ఉన్నా 2019 నుంచి మనిషికి రెండే తుపాకులు. అంతకు ముందు మూడుండేవి. రెండు తుపాకులతో సేకరణ ఏమిటని బాధపడకండి, ఇంట్లో అవ్వ పేరు మీద రెండు పెట్టండి. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో జమ చేయమంటారు, అవ్వనే మోసుకెళ్ళమనండి. లైసెన్సు లేకుండా దొరికితే రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా, నిషేధించిన రకమైతే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఖైదు. నూరేళ్ళు దాటిన వస్తువును దేశం బయటికి పంపితే 1972 నాటి పురావస్తువుల చట్టం వేరే ఉంది. ఇవన్నీ పేపర్లలో రాసుకునే మాటలు.

నాకు బాగా నచ్చిన సెక్షను 45. పాత నమూనా ఆయుధానికీ, పురాతన విలువ ఉన్నదానికీ ఈ చట్టం వర్తించదని అందులో ఉంది. నేను అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాను. సుబేదారు మామ దాన్ని మళ్ళీ తెరిచి మిగతా సగం చదివించాడు. అది మరమ్మతు చేసినా, చేయకపోయినా, తుపాకిగా పనికిరానిదై ఉండాలట. అంటే చట్టం ముందు అది పేలకూడదు. కొనేవాడి ముందు అది పేలాలి, లేకపోతే వాడు పైసలివ్వడు.

దీనికి మార్గం నేను కనిపెట్టాను. పోలీసులొచ్చి అడిగితే పేలదని చెప్పండి. గిరాకీ వచ్చి అడిగితే పేలుతుందని చెప్పండి. ఇద్దరూ ఒకే రోజు ఒకే వేళకు వస్తే ఏం చెప్పాలో నన్నడగండి, దానికి ఫీజు వేరే.